యాభై ఐదు పైబడినోళ్ళు

నాలుగున్నరకి అలారం మోగకముందే
మోకాలు లేపేస్తుంది నన్ను.
మంచం అంచున కూచుంటా కాసేపు.
మడమ నేలకి ఆనించి, తీసి, మళ్ళా ఆనించి,
బొక్కెన దించి బావి లోతు చూసినట్టు
ఈ పొద్దు నొప్పి ఎంత ఉండాదో చూసుకుంటా.
"యాడికి? ఎవురు పిలిచినారని?"
గోడవైపు తిరిగి పడుకొనే అంటుంది మా దొరసాని.
ఆ మాటకి ఇరవై రెండేళ్ళు.
జవాబు ఇంకా దొరకలా.

అలిపిరి మెట్లకాడికి గోవిందలు చెప్పుకుంటా పొయ్యే జనానికి
ఎదురుబడి
నేను నిక్కరేసుకొని జూపార్కు పక్కకి ఉరుకుతా.
రాత్రి బస్సు దిగిన పెద్దామె ఒకామె
"మొక్కుబడా నాయనా?" అనింది ఒకతూరి.
అవునన్నా.
ఆ ఊపిరిలో అంతకంటే ఏం చెప్పేది?

డిపోలో నాది టైర్ల సెక్షను.
ఘాటు బస్సు దిగొచ్చినాక టైరు మింద అరచెయ్యి పెడితే చాలు
ఏ మలుపు ఎంత తినిందో చెప్పేస్తా.
ఇది ఇంకో ఆరువేలు తిరుగుతుంది,
దీన్ని పక్కన పడెయ్యండి అని
చాక్‌పీసుతో గీత గీసేస్తా.
నా కాలికాడికి వచ్చేతలికి మటుకు
ఆ చాక్‌పీసు ఆడదు.

నలభై మూడో ఏట చంద్రగిరి హాఫ్ మారథాను
గంటా నలభై నిమిషాలు.
ఆ కాయితం బీరువాలో కరెంటు బిల్లుల కింద ఉండాది.
పోయినేడు రెండు గంటలా పది.
అదే రోడ్డు. కోట పక్కకి జరగలా.
నడాన ఆ అరగంట
ఎవరి జేబులో పడిందో.

చెంగల్రాయులిది ఎర్రగడ్డల మండీ.
పదకొండేళ్ళు మా గ్రూపులో ఫస్టు వాడిది, సెకండు నాది.
చానా తూర్లు మూడోవాడే ఉండడు.
గీతకాడ పక్కన నిలబడి చెయ్యన్నా కలపడు,
నా బూట్లవైపు చూసి
"ముడి వదులు" అంటాడు.
నేను వంగి లేసేలోగా నలభై అడుగులు ముందుంటాడు
నా బట్ట.

ఈ జనవరిలో వాడు గీతకాడ లేడు.
అంతా పిల్లకాయలు, చెవుల్లో పాటలు,
గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్పే గడియారాలు.
నాకు నేనే వంగి చూసుకున్నా.
ముళ్ళు గట్టిగానే ఉండాయి.

పద్నాలుగో కిలోమీటరు. పిక్క రాయి అయిపోయిన చోట
నీళ్ళ టెంటు, ఎర్ర బకెట్టు, దాని వెనక వాడు.
చొక్కా పైగుండీల సందున
గోనెసంచి మూతి కుట్టినట్టు పొడుగాటి కుట్టు.
ఏమ్రా ఇది, ఎప్పుడు, అని నేను ఆగబోతే
గ్లాసుడు నీళ్ళు మొహాన కొట్టినాడు.
"నిలబడొద్దు!
వెనక బట్టతలోడొకడు వస్తా ఉండాడు,
చూస్తే మన గ్రూపు మాదిరే ఉండాడు. పో!"

ఉరికినా.
నిజంగానే వచ్చినాడు బట్టతలాయన,
పీలేరులో పోస్టుమాస్టరంట.
ఆఖరి ఎగువలో నన్ను దాటేసినాడు,
దాటేటప్పుడు సారీ కూడా చెప్పినాడు.
సెకండు నాదే, మళ్ళా.
స్టీలు క్యారియరు, మూత సరింగా పడదు.
అరటిపండ్లు అప్పటికే అయిపోయినాయి.

ఇప్పుడు జూపార్కు రోడ్డులో
పొద్దన్నే నా వెనక సైకిలొకటి.
మెల్లింగా తొక్కమన్నాడంట డాక్టరు.
నేను నెమ్మదిస్తే గంట కొడతాడు.
నెమ్మదించకపోయినా కొడతాడు.
క్యారియరు తెచ్చి వాడి మండీలో పెట్టొచ్చినా;
దాంట్లో ఎండుమిరపకాయలు పోసుకున్నాడు,
నేను చూసేట్టు.

ఎగువ వస్తే దిగి తోసుకుంటా వస్తాడు.
అప్పుడు నాకు పిక్క పట్టేస్తుంది, నడుస్తా.
నాకేం పట్టలేదని వాడికి తెలుసు.
కొండమీద లైట్లు ఒకటొకటిగా ఆరిపోతా ఉంటాయి.
రోడ్డు చదునయ్యే చోట
వాడు ఒక కాలు పెడలు మింద పెట్టి, కిందికి చూసి
"ముడి వదులు" అంటాడు.

వదులు లేదు.
తెలిసే వంగుతా,
చైను చప్పుడు దూరమయ్యేదాకా.